బిట్‌కాయిన్ పడుతున్నప్పుడు: మీటరు లెక్క, మార్కెట్ లెక్క

బిట్‌కాయిన్ ధర జారడం మొదలైన కొన్ని వారాలకే టెలిగ్రామ్ గ్రూపుల్లో సెకండ్‌హ్యాండ్ మైనింగ్ మిషన్ల, అంటే రోజంతా లెక్కలు కట్టి కొత్త బిట్‌కాయిన్లు సంపాదించే యంత్రాల, ఫోటోలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినప్పుడు లక్షలు పలికిన ఆంట్‌మైనర్ ఎస్19జే ప్రో అడిగినకాడికి ఇస్తామంటారు. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఖాళీ గది ఉన్నవాళ్లకు ఇదే మంచి తరుణం అనిపిస్తుంది. ఈ బేరంలో మిషన్ ధర చిన్న అంకె. పెద్ద అంకె ఇంటి ముందు మీటరులో తిరుగుతుంటుంది. ముందు దాని సంగతి చూద్దాం.

మిషన్ వేగాన్ని టెరాహ్యాష్‌లలో కొలుస్తారు, ఒక టెరాహ్యాష్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. ఎస్19జే ప్రో 104 టెరాహ్యాష్ మోడల్ గోడ దగ్గర తీసుకునే కరెంటు 3,068 వాట్లు. రోజుకు 73.6 యూనిట్లు, నెలకు 2,200 పైచిలుకు. గృహజ్యోతి కింద నెలకు ఉచితంగా వచ్చే 200 యూనిట్లను ఈ ఒక్క మిషన్ మూడు రోజులు తిరగకుండానే మింగేస్తుంది. తెలంగాణ గృహ టారిఫ్‌లో 400 దాటితే యూనిట్ 9 రూపాయల 50 పైసలు, 800 దాటితే 10 రూపాయలు. అంటే ఈ మిషన్ తినే యూనిట్లలో చాలావరకు పది రూపాయలవే. ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ కలపకముందే నెల బిల్లు 20 వేలు దాటుతుంది.

ఇప్పుడు రాబడి. బిట్‌కాయిన్ లావాదేవీలు బ్లాకులుగా నమోదవుతాయి, బ్లాకు కట్టిన మైనర్‌కు కొత్త కాయిన్లు వస్తాయి. ఆ బహుమతిని సగానికి తగ్గించిన 2024 ఏప్రిల్ హాల్వింగ్ తర్వాత ఒక్కో బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లు. రోజుకు సగటున 144 బ్లాకులు, అంటే ప్రపంచం మొత్తానికి 450 బిట్‌కాయిన్లు. నెట్‌వర్క్ బలం, అంటే ప్రపంచంలోని మిషన్లన్నిటి మొత్తం వేగం, 2025లో 1000 ఎగ్జాహ్యాష్ దాటింది. ఒక ఎగ్జాహ్యాష్ అంటే పది లక్షల టెరాహ్యాష్‌లు. లెక్క సులువుగా ఉండటానికి ఆ 1000నే పట్టుకుంటే, ఒక్కో టెరాహ్యాష్‌కు రోజుకు 45 సటోషీలు వస్తాయి. బిట్‌కాయిన్‌లో పదికోట్లలో ఒక వంతు సటోషీ. బిట్‌కాయిన్ 80 లక్షల రూపాయలు ఉంటే సటోషీ విలువ 8 పైసలు, టెరాహ్యాష్ రోజు రాబడి 3 రూపాయల 60 పైసలు. లావాదేవీల ఫీజుల రూపంలో కొంచెం కలుస్తుంది, మైనర్లు వేగం కలుపుకుని రాబడి పంచుకునే పూల్‌కు ఫీజు కింద ఇంచుమించు అంతే పోతుంది. ఆ రెంటినీ పక్కన పెట్టొచ్చు.

ఖర్చు తేల్చడానికి ఒక్క గుణకారం చాలు. మిషన్ టెరాహ్యాష్‌కు ఎన్ని జూళ్లు తింటుందో ఆ అంకెను 24తో గుణించి 1000తో భాగిస్తే టెరాహ్యాష్‌కు రోజు యూనిట్లు వస్తాయి. ఎస్19జే ప్రోకు 29.5 జూళ్లు, కాబట్టి 0.708 యూనిట్లు, పది రూపాయల చొప్పున 7 రూపాయల 8 పైసలు. రాబడి 3.60, ఖర్చు 7.08. మిషన్ ఉచితంగా ఇచ్చినా నష్టమే. 200 టెరాహ్యాష్ ఎస్21 అయితే 17.5 జూళ్లు, టెరాహ్యాష్‌కు 4 రూపాయల 20 పైసలు. అదీ 80 లక్షల ధర దగ్గర చేతి నుంచి పెట్టుకునేదే.

దీన్నే తిప్పి చూస్తే ఏ ధర దగ్గర మిషన్ ఆపాలో తెలుస్తుంది. 7.08ని 45 సటోషీలతో భాగిస్తే పాత మిషన్‌కు బిట్‌కాయిన్ సుమారు కోటి 57 లక్షలు ఉండాలి, ఎస్21కు 93 లక్షలు. ఇది పన్నుకు ముందు మాట. మన దేశంలో క్రిప్టో మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం. మైనింగ్‌కు పెట్టిన సరంజామా ఖర్చును కొనుగోలు ఖర్చుగా ఒప్పుకోబోమని కేంద్రం 2022 మార్చిలోనే పార్లమెంటులో చెప్పింది. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయడానికి కుదరదు కాబట్టి కరెంటు బిల్లూ అంతే. వంద రూపాయల కాయిన్ తవ్వి అమ్మితే, దానికి నూటయాభై కరెంటు కాలినా సరే, 31 రూపాయల 20 పైసలు కట్టాలి. చేతికి మిగిలేది 68.80. అప్పుడు ఎస్21కు కావలసిన ధర కోటి 35 లక్షలు దాటుతుంది, ఎస్19జే ప్రోకు రెండు కోట్ల 28 లక్షలు. మీరు చదివే రోజున నెట్‌వర్క్ బలం, ధర ఎంతున్నాయో చూసి ఈ అంకెలు మార్చుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

ధర పడితే చాలామంది మిషన్లు ఆపేస్తారు, డిఫికల్టీ (బ్లాకు కట్టడానికి నెట్‌వర్క్ పెట్టే కష్టం స్థాయి) తగ్గుతుంది, మిగిలినవాళ్ల వాటా పెరుగుతుంది అనే వాదన ఉంది. అది నిజమే, కానీ ఆలస్యంగా జరుగుతుంది. డిఫికల్టీ 2016 బ్లాకులకు ఒకసారి, అంటే దాదాపు 14 రోజులకు మారుతుంది. మిషన్లు ఆగితే బ్లాకులు నెమ్మదిస్తాయి కాబట్టి ఆ 14 రోజులు ఇంకా సాగుతాయి. ధర ఒక్క రాత్రిలో 15 శాతం పడితే సర్దుబాటు వచ్చేదాకా నష్టం మీదే. 2021లో చైనా మైనింగ్‌ను అణచివేసినప్పుడు, జులైలో ఒకేసారి 28 శాతం దాకా డిఫికల్టీ తగ్గింది. ఒక దేశం మొత్తం ఆగితే వచ్చిన తగ్గుదల అది. మామూలు పతనంలో జలవిద్యుత్తో వృథా గ్యాసో దొరికి, యూనిట్ మూడు నాలుగు రూపాయలకే పడేవాళ్లు మిషన్లు ఆపరు. పది రూపాయల యూనిట్‌తో వాళ్లను ఓపికలో ఓడించలేం. పక్కనే రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ ఉంది, దానికి సింగరేణి బొగ్గు ఉంది అంటారు. అక్కడ పుట్టిన కరెంటు మన ఇంటికి టారిఫ్ ధరకే వస్తుంది.

ఇక్కడ కొందరికి వచ్చే ఆలోచన బావికాడి కరెంటు. వ్యవసాయానికి ఉచితం కదా, మోటరు షెడ్డులో రెండు మిషన్లు పెడదామని. దయచేసి ఆ పని చేయకండి. ఒక పనికి ఇచ్చిన కనెక్షన్‌ను మరో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేస్తారు. మీటరు లేకుండా గుంజితే 135 కింద దొంగతనం కేసు. పైగా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద రాత్రింబవళ్లు ఆరు కిలోవాట్ల లోడు వేస్తే, అది కాలినప్పుడు ఎండేది పక్కవాళ్ల పొలం. ఇంటి మీటరు మీద వ్యాపారంగా నడిపినా కేటగిరీ ఇబ్బంది ఉంటుంది, కమర్షియల్ టారిఫ్ ఇంటి టారిఫ్ కంటే ఎక్కువ. ముందే శాంక్షన్డ్ లోడు పెంచుకుని, ఏ కేటగిరీలోకి వస్తుందో మన విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

ఇంత చదివాక కూడా నేర్చుకోవడానికో, సోలార్ మిగులు ఉందనో ఒక మిషన్ పెట్టేవాళ్ల కోసం వైరింగ్ గురించి కొంచెం వివరంగా.

3,068 వాట్లు అంటే 230 వోల్టుల దగ్గర 13.3 ఆంపియర్లు. గోడకున్న 16 ఆంపియర్ సాకెట్ చాలు కదా అనిపిస్తుంది. గీజర్ పావుగంట నడుస్తుంది, ఇది రోజంతా నడుస్తుంది. తేడా అక్కడే. సాకెట్ లోపలి స్ప్రింగు వదులైతే పిన్ను వేడెక్కుతుంది. ముందు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది, తర్వాత గోధుమ రంగు, ఆపైన నల్లటి మచ్చ, కాలిన వాసన. పసుపు రంగు కనిపించిన రోజే సాకెట్ మార్చాలి. మిషన్‌కు విడిగా లైను లాగండి: 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ సీ-కర్వ్ ఎంసీబీ, ఇండస్ట్రియల్ ప్లగ్గు. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఈ మిషన్ పవర్ సప్లైకి రెండు ఇన్‌పుట్లు ఉంటాయి, రెండింటికీ వైరు పెట్టాలి. ఒకటే పెడితే ఆన్ కాదు. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో లోడు మీద న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పవర్ సప్లైకి 200 నుంచి 240 వోల్టులు కావాలి. ఊళ్లల్లో మోటర్లన్నీ నడిచే వేళ 190కి పడిపోవడం మామూలే. అప్పుడు అదే వాటేజీ కోసం 16 ఆంపియర్లు గుంజబోతుంది, లేదా తనంతట తానే కట్ అయి మళ్లీ మొదలవుతుంది. ఇలా గంటకు నాలుగుసార్లు జరిగితే పవర్ సప్లై ఎక్కువ కాలం ఉండదు. 5 కేవీఏ స్టెబిలైజరు, కరెంటు పోయి వచ్చినప్పుడు రెండు మూడు నిమిషాలు ఆగి లైను ఇచ్చే టైమ్ డిలే ఉన్నది తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద మిషన్‌ను పెట్టొద్దు. రౌటర్‌ను మాత్రం పెట్టండి.

ఇక వేడి. మిషన్ తీసుకున్న ప్రతి వాటూ వేడిగానే బయటికొస్తుంది. మూడు వెయ్యి వాట్ల హీటర్లను గదిలో పెట్టి తలుపు వేసినట్టు. కంపెనీ చెప్పిన పరిమితి 40 డిగ్రీల గాలి. మన దగ్గర మే నెలలో బయటే 44, 45 ఉంటుంది. ఏసీ పెడదామంటే ఈ వేడికి దాదాపు 0.9 టన్ను కావాలి, అంటే 1.5 టన్నుల ఏసీ రోజంతా నడవాలి. ఏసీ బిల్లు కూడా మైనింగ్ ఖర్చే. దాని బదులు మిషన్ ముందు భాగం బయటి గాలిని పీల్చేలా, వెనక భాగం డక్టుతో కిటికీ బయటికి వదిలేలా పెట్టండి. వేడి గాలి మళ్లీ ముందుకు తిరగకూడదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు 11 నుంచి 5 దాకా ఆపేయడమే మంచిదని నా అభిప్రాయం. చప్పుడు 75 డెసిబెల్స్ దాకా ఉంటుంది, పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోండి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన శత్రువు పత్తి దూది. జిన్నింగ్ మిల్లుల పక్కన, పత్తి లారీలు తిరిగే దారుల్లో ఉన్నవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మిషన్ ముందు జాలీని చూడండి. సన్నటి నూగు చిప్పుల వేడిని లాగే హీట్‌సింకుల పళ్ల మధ్య చాపలా పట్టేస్తుంది. ఫ్యాన్లు పూర్తి వేగంతో అరుస్తుంటాయి, చిప్పుల వేడి మాత్రం దిగదు. దోమతెర వలను ఫిల్టరులా కట్టి వారానికోసారి దులపండి, నెలకోసారి మిషన్ ఆపి బ్లోయరుతో వెనక నుంచి ముందుకు ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే అది జనరేటరులా తిరిగి కంట్రోల్ బోర్డును పాడు చేయొచ్చు.

పాత మిషన్ కొనేవాళ్లు ఫోటో చూసి, ఐదు నిమిషాల వీడియో చూసి డబ్బులు వేయొద్దు. కనీసం రెండు గంటలు నడిపించి, స్క్రీన్ మీద రియల్‌టైమ్ అంకెను వదిలేసి సగటు హ్యాష్‌రేట్, అంటే టెరాహ్యాష్‌లలో వేగం, చూడండి. చిప్పులుండే మూడు హ్యాష్‌బోర్డుల వేడి దగ్గరదగ్గరగా ఉండాలి, ఒకటి పది డిగ్రీలు ఎక్కువుంటే దాని హీట్‌సింకులు ఊడుతున్నాయని అనుమానించాలి. మిషన్ తన పనిని రాసుకునే కెర్నల్ లాగ్ తెరిచి ప్రతి బోర్డుకూ చిప్పులన్నీ కనిపిస్తున్నాయో లేదో చూడండి. సంకేతం ఒక చిప్పు నుంచి ఇంకో చిప్పుకు దాటుకుంటూ పోతుంది కాబట్టి మధ్యలో ఒక్కటి చచ్చినా బోర్డు మొత్తం సున్నా చూపిస్తుంది. పైమూత తీసి పవర్ సప్లై నుంచి బోర్డులకు పోయే రాగి పట్టీల మరల దగ్గర నలుపు ఉందేమో చూడండి. ఇంటికి తెచ్చాక ముందు ఫర్మ్‌వేర్ (మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించి, పాస్‌వర్డ్ మార్చాలి. పాత యజమాని పూల్‌కు గుట్టుగా హ్యాష్ పంపే ఫర్మ్‌వేర్లు ఉన్నాయి.

ధర పడ్డప్పుడు ఆపడానికీ పూర్తిగా నడపడానికీ మధ్య ఒక దారి ఉంది. బ్రెయిన్స్ ఓఎస్ లాంటి ఫర్మ్‌వేర్‌తో వాటేజీని 3,000 నుంచి 2,300 ప్రాంతానికి దించితే హ్యాష్‌రేట్ అంతగా తగ్గదు, టెరాహ్యాష్‌కు జూళ్లు 29.5 నుంచి 25, 26కు దిగుతాయి. వేడీ చప్పుడూ తగ్గుతాయి. అయినా పది రూపాయల యూనిట్ దగ్గర ఇది నష్టాన్ని తగ్గిస్తుందే గానీ లాభం చేయదు. గ్రాఫిక్స్ కార్డుల సంగతి ఇంకా చిన్నది: 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసింది, ఆ తర్వాత మిగిలిన కాయిన్ల రాబడి కరెంటుకు చాలదు.

ఇక కొనుగోళ్లు, అమ్మకాలు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లిన రైతును అడగండి, జెండా పాట అంటే ఏమిటో చెప్తాడు: ఆ రోజు వేలంలో పలికిన పై ధర. పేపర్లో పడేది ఆ ధరే. కానీ అందరి బస్తాలకూ ఆ రేటు రాదు. యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే బిట్‌కాయిన్ ధర కూడా అలాంటిదే, చివరి ఒక్క లావాదేవీ ధర. మీ సరుకు ఎంతకు పోతుందో ఆర్డర్ బుక్, అంటే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అడిగే ధరల వరుస, చెప్తుంది. ఉదాహరణకు తెర మీద 80,00,000 ఉంది, కొనేవాళ్ల వరుసలో 79,90,000 దగ్గర 0.002, 79,60,000 దగ్గర 0.005, 79,00,000 దగ్గర 0.02 ఉన్నాయనుకోండి. దొరికిన ధరకే వెంటనే అమ్మేయమనే మార్కెట్ ఆర్డర్ మీరు 0.02కు కొడితే సగటున 79 లక్షల 24 వేల దగ్గర తెగుతుంది. రూపాయల్లో జరిగే బేరాల్లో ఈ వరుస లోతు తక్కువ, పతనం రాత్రుల్లో ఇంకా తక్కువ. అమ్మేముందు బుక్ చూడండి, ముక్కలుగా లిమిట్ ఆర్డర్లు (ఇంతకంటే తక్కువకు అమ్మొద్దనే ఆర్డర్లు) పెట్టండి.

ధర ఒక గీతను (ట్రిగ్గర్) తాకితే దానంతటదే అమ్మకానికి పెట్టే స్టాప్ ఆర్డర్ల దగ్గర చాలామంది దెబ్బతింటారు. ట్రిగ్గర్ 78,00,000, లిమిట్ 77,80,000 పెట్టారు. ధర ఆ సందును ఒక్క గెంతులో దాటి 77,50,000కు పడితే ట్రిగ్గర్ తగులుతుంది, ఆర్డర్ బుక్‌లోకి వెళ్తుంది, కొనేవాడు లేక అక్కడే ఉండిపోతుంది. స్టాప్ పెట్టాం కదా అని నిద్రపోతే పొద్దున 70 లక్షలు కనిపిస్తుంది. ట్రిగ్గర్‌కూ లిమిట్‌కూ మధ్య కనీసం రెండు మూడు శాతం వదలండి. స్టాప్-మార్కెట్ ఉంటే బయటపడటం ఖాయం, ఎంతకు అన్నది ఖాయం కాదు.

లెవరేజ్, అంటే అప్పు కలుపుకుని పెద్ద బేరం (పొజిషన్) చేయడం గురించి నా మాట సూటిగా చెప్తున్నా: పడే మార్కెట్‌లో ముట్టుకోవద్దు. 20,000 రూపాయలతో 10 రెట్లు అంటే 2 లక్షల పొజిషన్. ధర 9.5 శాతం పడితే 19,000 పోతాయి, మిగిలిన వెయ్యి ఎక్స్ఛేంజీ అడిగే అరశాతం మెయింటెనెన్స్ మార్జిన్‌కు సమానం, అక్కడే పొజిషన్‌ను కోసేస్తారు. ఆ తర్వాత ధర లేచినా మీకు సంబంధం లేదు. బిట్‌కాయిన్ ఒక్క రోజులో 10 శాతం కదిలిన రోజులున్నాయి. 2025 అక్టోబరు 10న, అమెరికా చైనా సరుకులపై కొత్త సుంకాలు ప్రకటించాక, ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్ల దాకా పొజిషన్లు ఇలాగే కోసుకుపోయాయి. క్రాస్ మార్జిన్ పెట్టుకుంటే ఒక్క పొజిషన్ వాలెట్ మొత్తాన్ని లాక్కుపోతుంది, ఐసోలేటెడ్‌లో పెట్టినంతే పోతుంది. యాప్‌లో మొదటగా ఏది ఎంచుకుని ఉందో చూడకుండా బటన్ నొక్కొద్దు.

రోజుకు పదిసార్లు కొని అమ్మే అలవాటును మన పన్ను విధానం నిలవనివ్వదు. 2022 జులై 1 నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్. అది లాభం మీద కాదు, మొత్తం మీద. లక్ష రూపాయలను లాభం నష్టం లేకుండా 50 సార్లు తిప్పితే 60,500 మిగులుతాయి. మిగతాది రిటర్ను వేసి పన్నులో సర్దుకోవాలి, ఎక్కువుంటే రీఫండ్ వస్తుంది, కానీ అప్పటిదాకా ఆ పెట్టుబడి మీ చేతిలో లేదు. బిట్‌కాయిన్ ఇచ్చి డాలర్ విలువకు కట్టిన యూఎస్‌డీటీ కాయిన్ తీసుకున్నా అది అమ్మకమే. ఇంకా బాధాకరమైనది నష్టాల సంగతి. బిట్‌కాయిన్‌లో 40,000 లాభం, ఇథీరియం కాయిన్ ఈథర్‌లో 40,000 నష్టం వస్తే చేతికి వచ్చింది సున్నా, కట్టాల్సిన పన్ను 12,480. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేయడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు. చిన్న మదుపరికి ఇది అన్యాయమనే నేను నమ్ముతాను. కానీ మారేదాకా పాటించాలి. రిటర్నులో క్రిప్టో కోసం ఉన్న షెడ్యూల్ వీడీఏలో ప్రతి లావాదేవీకి తేదీ, కొన్న ధర, అమ్మిన ధర రాయాలి, కాబట్టి ట్రేడ్ హిస్టరీ ఫైలును నెలనెలా దించి పెట్టుకోండి. ఎక్స్ఛేంజీ మూతపడితే ఆ ఫైలే దిక్కు.

టీడీఎస్ తప్పించుకుందామని పీటూపీలో, అంటే నేరుగా ఇంకో మనిషికి, యూఎస్‌డీటీ అమ్మితే అంతకంటే పెద్ద తలనొప్పి వస్తుంది. మీకు డబ్బు వేసినవాడు దాన్ని ఎవరినో మోసం చేసి తెచ్చుంటే, బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన వెంటనే ఆ డబ్బు వెళ్లిన దారిలోని అకౌంట్లన్నీ హోల్డ్‌లో పడతాయి. మీది మూడోదైనా సరే. జీతం అకౌంట్ అయితే ఈఎంఐలు ఆగుతాయి. యాప్‌లో కేవైసీ పేరూ, డబ్బు వచ్చిన అకౌంట్ పేరూ ఒకటి కాకపోతే కాయిన్ వదలకండి, డబ్బు వెనక్కి పంపి ఆర్డర్ రద్దు చేయండి. హోల్డ్ పడితే బ్యాంకులో ముందు అడగాల్సినవి రెండు: ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషన్ అన్నది. ఆర్డర్ ఐడీ, చాట్, స్టేట్‌మెంట్ జతచేసి దర్యాప్తు అధికారికి మెయిల్ పంపండి. అకౌంట్ మొత్తాన్ని కాకుండా వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపమని రాతపూర్వకంగా కోరండి.

దీర్ఘకాలం ఉంచుకోవాలనుకున్న కాయిన్లను ఎక్స్ఛేంజీలో వదిలేయొద్దు. 2024 జులైలో ఒక పెద్ద భారతీయ ఎక్స్ఛేంజీ నుంచి 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగల పాలైంది, ఖాతాదారులు నెలల తరబడి డబ్బు తీసుకోలేకపోయారు. కాయిన్ల తాళాన్ని నెట్‌కు దూరంగా ఉంచే చిన్న పరికరం, హార్డ్‌వేర్ వాలెట్, సీల్డ్‌గా, కంపెనీ నుంచే కొనండి. వాలెట్‌ను మళ్లీ తెరవడానికి అది ఇచ్చే 12 లేదా 24 పదాలను కాగితం మీద రాయండి, ఫోన్‌తో ఫోటో తీయొద్దు. గ్యాలరీ బ్యాకప్‌తో అది నెట్‌లోకి పోతుంది. రెండు ప్రతులు రెండు ఇళ్లల్లో ఉండాలి, వానాకాలం చెమ్మ తగలని చోట. పంపేటప్పుడు నెట్‌వర్క్ పేరు రెండు వైపులా ఒకటేనా చూడండి, టీఆర్‌సీ-20 (ట్రాన్ అనే నెట్‌వర్క్) చిరునామాకు ఇంకో నెట్‌వర్క్ మీద పంపితే తిరిగి రాబట్టడం కష్టం. చిరునామా మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు వాలెట్ తెర మీద సరిపోల్చండి, కాపీ చేసినదాన్ని మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. ముందు చిన్న మొత్తం పంపి అది చేరాక, వాలెట్‌ను కావాలనే చెరిపేసి, కాగితం మీది పదాలతో మళ్లీ తెరవండి. ఆ చిన్న మొత్తం మళ్లీ కనిపిస్తే మిగతాది పంపండి.